గోళ్లలో మిగిలిన ఎరుపు

బయట తిని వచ్చిన మర్నాడు పొద్దున నా కుడిచేతి గోళ్ల అంచుల్లో సన్నటి గులాబీరంగు చార కనిపిస్తుంది. స్నానానికి పోదు, గిన్నెలు తోమే సబ్బుకీ పోదు. ఇంట్లో ఆదివారం కోడికూర గుంటూరు కారంతోనే వండుతాం, అదీ కాస్త ధారాళంగానే వేస్తాం. ఆ కూర కలుపుకుని తిన్న వేళ్లు సాయంత్రానికల్లా మామూలు వేళ్లైపోతాయి. మరి హోటల్లో నంజుకున్న నాలుగు చికెన్ 65 ముక్కలకి ఇంత పంతం ఎక్కణ్నుంచి వచ్చింది? ఆఫీసులో కీబోర్డు మీద వేళ్లు ఆడుతున్నప్పుడల్లా ఆ చారే కళ్లబడుతుంది. గోటికి పట్టింది గోరు కత్తిరిస్తే పోతుంది, సరే, లోపలికి వెళ్లినదాని సంగతేమిటి అనిపిస్తుంది. వెంటనే, ఇంత వయసొచ్చి గోళ్లు చూసుకుంటూ కూర్చున్నావేమిట్రా అని కూడా అనిపిస్తుంది. ఎక్కువసార్లు ఆ రెండో మాటే నెగ్గుతుంది. ఎందుకంటే మళ్లీ శనివారం వస్తుంది, మళ్లీ ఎవరో ఒకరు "స్టార్టర్స్ ఏం చెబుదాం?" అంటారు.

మిరపకాయ ఎరుపు నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. ఈ సంగతి కాలేజీలో చదవకముందే మా ఇంటి పొయ్యి దగ్గర విన్నాను. "నూనె తేలిందా?" అని పెరట్లోంచి అమ్మ కేకేసేది. మూత తీసి చూసి తేలిందనో లేదనో చెప్పడం నా వంతు. తేలిన నూనె ఎర్రగా మెరిసేది, దాని కింద పులుసు మాత్రం మట్టిరంగులోనే ఉండేది. ఇంటికూరకి ఒకే రంగంటూ ఉండదు. పైన ఒకటి, అడుగున ఒకటి, ముక్క విరిస్తే లోపల ఇంకొకటి. హోటల్ ఎరుపుకి ఈ తేడాలు లేవు. మైదా పూతలో ఎంతో, అడుగున కారిన నీళ్లలోనూ అంతే. బజార్లో చిన్న డబ్బాల్లో దొరికే ఫుడ్ కలర్ నీళ్లలో ఇట్టే కరిగేది కాబట్టి తడి ఉన్న చోటికల్లా పాకుతుంది. అందుకని నాకో అలవాటు పట్టుకుంది. ఒక ముక్కని మంచినీళ్ల గ్లాసులో వేసి కాసేపు ఊరుకుంటాను. కారం రంగైతే నూనెబొట్లు పైకి తేలి నీళ్లు కొంచెం మసకబారతాయి. డబ్బాలో రంగైతే చూస్తూండగానే గ్లాసంతా నారింజరంగుకి తిరుగుతుంది. కొందరు ప్లేటులో ఉల్లిచక్రాల్ని చూసి చెప్పేస్తామంటారు గానీ నాకు నమ్మకం లేదు. మన ఎర్రుల్లిపాయకి నిమ్మరసం తగిలితే తనంతట తానే గులాబీరంగుకి తిరుగుతుంది, పాపం దానిమీద నింద వెయ్యడం అన్యాయం. ఆ మాటకొస్తే గ్లాసు సాక్ష్యం కూడా గట్టిదేం కాదు. వంటవాడు బీట్‌రూట్ రసం పోసినా నీళ్లు ఎర్రబడతాయి. ఏ హోటలువాడు అంత శ్రమ పడతాడన్నది వేరే విషయం. ఇంతకీ నేను గ్లాసులో ముక్క వెయ్యగానే బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తినడం ఆపరు, నాకేసి చూడడం మాత్రం ఆపేస్తారు.

పసుపుది ఇంకో కథ, అది చేతులు కడుక్కునే దగ్గర బయటపడుతుంది. సబ్బు పెట్టగానే అరచేతిలో పసుపుమరక ఎర్రగా మారడం చూసే ఉంటారు. తెల్లచొక్కా మీద పప్పు పడ్డప్పుడు ఉతికే చోటా ఇదే గొడవ. సబ్బులో ఉన్న క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది. పెళ్లికొడుక్కి దిష్టి తీసే ఎర్రనీళ్లలో ఉన్నదీ ఈ కిటుకే, పసుపులో కాస్త సున్నం. హారతి పళ్లెం పట్టుకున్న ముత్తైదువలు ఎన్నో తరాలుగా చేస్తున్నది ఒక ప్రయోగశాల పరీక్షే అనుకుంటే నాకు సరదాగా ఉంటుంది. కానీ ఆ సరదా ఎంతోసేపు నిలవదు. అరచెయ్యి ఎర్రబడితే అందులో పసుపు ఉన్నట్టు తెలుస్తుంది, పసుపు మాత్రమే ఉన్నట్టు తెలియదు. పసుపుపొడిలో కలిపే మెటానిల్ ఎల్లో అనే బట్టలరంగుని పట్టుకోవాలంటే సబ్బు చాలదు, ఆమ్లం కావాలి. అప్పుడది గులాబీ, వంగపండు కలిసిన రంగుకి తిరుగుతుంది. భోజనానికి వెళ్తూ జేబులో యాసిడ్ సీసా వేసుకెళ్లేవాణ్ని ఇంట్లోవాళ్లు ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో ఊహించగలను.

నీళ్ల గ్లాసు మీద నాకున్న నమ్మకాన్ని బాగా సడలించింది సూడాన్ రంగుల కథ. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారప్పొడిలో సూడాన్ 1 అనే రంగు ఉందని ఫ్రాన్స్‌లో పట్టుకున్నారు. యూరప్ అంతా తనిఖీలు మొదలయ్యాయి. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాసులో అదే రంగు బయటపడి, ఆ సాసు వాడిన వందలాది సరుకుల్ని దుకాణాల్లోంచి వెనక్కి తీసుకున్నారు. ఈ సూడాన్ బూటుపాలిష్‌కీ మైనానికీ వాడే రంగు. నూనెలో కరుగుతుంది. అచ్చం మిరప ఎరుపు మాదిరే నూనెతో పైకి తేలుతుంది, నీళ్లని ముట్టుకోదు. నా గ్లాసు పరీక్షలో అది ఫస్టు క్లాసులో పాసవుతుంది. అంటే నేను పట్టుకోగలిగేది అమాయకంగా రంగు వేసే మాస్టర్నే, తెలివిగా వేసేవాణ్ని కాదు. ఇక అమాయకుణ్ని పట్టుకున్నానని సంబరపడడంలో ఏముంది? పైగా సూడాన్ కలిసిన కారం హోటలువాడు కలిపింది కాకపోవచ్చు. కొన్న బస్తాలోనే ఉండొచ్చు. అతనూ మనలాగే మోసపోయి ఉండొచ్చు.

మా మేనత్త ఈ రంగుల జోలికి ఎప్పుడూ వెళ్లేది కాదు. ఆవిడ గురి అంతా వంటసోడా మీద. తెనాలి నుంచి వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకెళ్లినా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగేది. "ఒరే, పప్పులో సోడా దట్టించాడురా. నాలిక మీద జారుతోంది చూడు," అనేది. నాకు పప్పు పప్పులాగే ఉండేది. "నీకేం తెలుస్తుంది, రోజూ ఇక్కడే తినేవాడివి," అని ఇంకో మాట తగిలించేది. ఆవిడ లెక్క తప్పు కాదు. బోరునీళ్లలో సున్నం పాలెక్కువ, ఆ నీళ్లలో కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. సోడా చిటికెడు పడిందా, పదినిమిషాల్లో వెన్నైపోతుంది. గ్యాస్ బండ ఖరీదు తెలిసినవాడెవడూ ఆ చిటికెడుకి అడ్డు చెప్పడు. శనగలకీ అంతే, పకోడీ పిండికీ అంతే. పులియని ఇడ్లీపిండిని తెల్లారేసరికి పులిసినట్టు నటింపజేసేదీ అదే. అలాంటి ఇడ్లీ మరీ ఉబ్బుతుంది, తెలుపులో ఒక పసుపు ఛాయ తగులుతుంది. సోడా విషమేమీ కాదు, చట్టమూ తప్పనదు. పప్పులోని బి1 విటమిన్‌ని మాత్రం పాడుచేస్తుంది, తిన్న తర్వాత పొట్ట ఉబ్బరిస్తుంది. హోటల్ భోజనం చేసిన రాత్రి రెండింటికి లేపి చెంబుడు నీళ్లు తాగిస్తుందే, ఆ దాహంలో సోడాకీ ఉప్పుకీ చెరో వాటా ఉంటుంది.

ఆవిడ మాటల్లో నన్ను గుచ్చింది రెండోది. రోజూ తినేవాడికి తెలియదట. నాలుకని సాక్షిగా నిలబెట్టి తీర్పు చెప్పమంటున్నాం గానీ, ఆ సాక్షి అవతలి పక్షం దగ్గర ఇన్నేళ్లుగా భోంచేస్తోంది కదా! ఇంట్లో అమ్మ వండిన పలావు "చప్పగా ఉంది" అనిపించిన రోజు నాకు గుర్తుంది. అందులో ఉప్పు తగ్గలేదు, మసాలా తగ్గలేదు. నా నాలుక అలవాటుపడ్డది ఏదో అందులో లేదు. ఏది లేదో చెప్పలేకపోయాను. ఉన్న వస్తువుని కనిపెట్టమంటే తడబడే నాలుక, అదే వస్తువు లేకపోతే మాత్రం ఠకీమని చెబుతుంది. మనం హోటల్లో కూర్చుని వెతుకుతాం. వెతకాల్సిన చోటు ఇంట్లో ఆ చప్పదనమేమో.

ఆ "ఏదో"కి అందరూ చెప్పే పేరు అజినొమోటో. హోటళ్లలో టేస్టింగ్ సాల్ట్ అంటారు. ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర నూడుల్స్ చెబుతూ "అన్నా, టేస్టింగ్ సాల్ట్ వెయ్యకు," అనే కుర్రాళ్లని చూస్తుంటాను. అదే కుర్రాడు పెనంలో పడుతున్న నల్లబడ్డ నూనె గురించి ఒక్క మాట అనడు. ఈ భయం ఎక్కడ మొదలైందో చూస్తే కాస్త నవ్వొస్తుంది. 1908లో కికునే ఇకేడా అనే జపాన్ రసాయన శాస్త్రజ్ఞుడు సముద్రపు నాచుతో కాచిన చారు ఎందుకంత రుచిగా ఉందో తేల్చుకోవాలనుకున్నాడు. అందులోంచి గ్లుటమేట్‌ని వేరుచేశాడు, మరుసటి ఏడే అది అజినొమోటో పేరుతో బజార్లోకి వచ్చింది. ఆ తర్వాత అరవై ఏళ్లకి, 1968లో, అమెరికాలో రాబర్ట్ హో మాన్ క్వాక్ అనే వైద్యుడు ఒక వైద్యపత్రికకి ఉత్తరం రాశాడు. చైనా హోటళ్లలో తిన్నప్పుడు మెడ తిమ్మిరెక్కుతోంది, గుండె దడగా ఉంటోంది, కారణం సోయా సాసా, వంటకి వాడే సారాయా, ఉప్పా, ఈ గ్లుటమేటా అని అడిగాడు. అడిగింది ప్రశ్నే. లోకం మాత్రం నలుగురు అనుమానితుల్లో ఒకణ్నే పట్టుకుని శిక్ష వేసేసింది. తర్వాత, ఎవరికి ఏది ఇచ్చారో ఇచ్చినవాళ్లకీ తిన్నవాళ్లకీ తెలియకుండా చేసిన పరీక్షల్లో ఆ లక్షణాలు నిలకడగా కనబడలేదు. పండిన టమాటాలో ఉన్నదీ గ్లుటమేటే. మా మేనత్త చేసే ఎండురొయ్యల టమాటా కూర రుచిలో సగం దాని పుణ్యమే. ఈ మాట ఆవిడ ముందు అనే ధైర్యం నాకు లేదు. మామూలు ఉప్పులో సోడియం దాదాపు 39 శాతమైతే, ఈ టేస్టింగ్ సాల్ట్‌లో 12 శాతమే. అలాగని బండివాడు అరచెంచా గుమ్మరిస్తుంటే కళ్లు మూసుకోమనను. నాసిరకం సరుకుని రుచిగా అనిపించే పని దానికి అప్పగించడం మోసమే. కానీ మన భయం ఆ మోసం గురించి కాదు. నోరు తిరగని పేరున్నదాన్ని అనుమానించడం సులువు. సోడా, ఉప్పు, రంగు చిన్నప్పట్నుంచీ ఎరిగినవి, వాటిని అడ్డగించడానికి మొహమాటం.

రంగు నిజంగానే చిన్నప్పట్నుంచీ ఎరిగినది. మా ఊళ్లో పెళ్లికి వంటవాళ్లు రాయించే సరుకుల జాబితాలో జీడిపప్పు, యాలకులు, పచ్చకర్పూరం తర్వాత "మిఠాయి రంగు ఒక పొట్లం" అని ఉండేది. లడ్డూలో అక్కడక్కడ ఎర్రబూంది, ఆకుపచ్చ బూంది కనబడకపోతే పిల్లలం ఒప్పుకునేవాళ్లం కాదు. ఇప్పటి లెక్కలో మన దేశంలో తిండికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిది. అవి మిఠాయిలు, ఐస్‌క్రీములు లాంటి కొన్నిటికే, అదీ ఎక్కువగా కిలోకి 100 మిల్లీగ్రాముల లోపు. స్వచ్ఛమైన రంగుపొడి అయితే చిటికెడే ఎక్కువ. ఆ ఎనిమిదిలో టార్ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్, పాన్సో 4ఆర్ అనే నాలుగు వాడిన సరుకు మీద, పిల్లల చురుకుదనం మీదా ఏకాగ్రత మీదా చెడు ప్రభావం ఉండొచ్చని యూరప్‌లో 2010 నుంచి హెచ్చరిక అచ్చువెయ్యాలి. ఇంకొకటి ఎరిత్రోసిన్, దానికి తిండిలో వాడే అనుమతిని అమెరికా 2025 జనవరిలో రద్దు చేసింది. ఇవన్నీ అనుమతి ఉన్నవాటి మాట. అసలు తిండికి పనికిరాని రోడమిన్ బి అనే బట్టలరంగు పీచుమిఠాయిలో దొరికిందని 2024 ఫిబ్రవరిలో తమిళనాడు దాని అమ్మకం నిషేధించింది. మరుసటి నెలలో కర్ణాటక గోబీ మంచూరియా నమూనాలు 171 పరీక్షిస్తే 107లో హానికర రంగులు బయటపడ్డాయి, అక్కడా రంగు వెయ్యొద్దని ఉత్తర్వు వచ్చింది. జూన్‌లో కబాబుల వంతైంది. హైదరాబాదులోనూ ఆ ఏడాదంతా తనిఖీ బృందాలు వంటగదుల్లోకి వెళ్లి రంగుడబ్బాల్ని పారబోయించిన ఫొటోలు పేపర్లలో చూశాం. చూసి, పేపరు మడిచి, సాయంత్రం బిర్యానీకి బయల్దేరాం.

ఇక్కడే నా గోటి చార దగ్గర చిక్కొస్తుంది. అది అనుమతి ఉన్న కార్మోయిసినా, బట్టలకేసే రోడమినా? రెండూ ఎరుపే, రెండూ నీళ్లలో కరిగేవే. కంటికీ గ్లాసుకీ ఒక్కటే. తేల్చాలంటే హైదరాబాదు నాచారంలో ఉన్న రాష్ట్ర ఆహార ప్రయోగశాల లాంటి చోటికే వెళ్లాలి. 2006 నాటి ఆహార భద్రతా చట్టం నలభయ్యో సెక్షన్ మనలాంటివాళ్లకీ ఒక దారి చూపించింది. రుసుము కట్టి, కొన్న తిండిని మనమే పరీక్షకి పంపించుకోవచ్చు. తప్పు తేలితే ఆ రుసుము వెనక్కిస్తారు. షరతు ఒక్కటే. కొనేటప్పుడే ఆ సంగతి అమ్మేవాడికి చెప్పాలి. ఆ సన్నివేశాన్ని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. "బాబూ, ఒక చికెన్ 65, రెండు రుమాలీ రోటీ. చికెన్ 65 తినడానికి కాదు, పరీక్షకి." అప్పుడు వంటగదిలోంచి బయటికొచ్చే ప్లేటు పసిపాపంత నిర్మలంగా ఉంటుందనడంలో సందేహం లేదు. ఫలితం రావడానికి పద్నాలుగు రోజులు పట్టొచ్చు. ఆకలికి అంత ఓపిక ఉంటుందా? చట్టం చేసినవాళ్ల ఉద్దేశం మంచిదే, ఉప్పు ప్యాకెట్టు విషయంలో పనికొస్తుంది కూడా. పొగలు కక్కే ప్లేటు ముందు కూర్చున్నవాడికి మాత్రం అది అందని ద్రాక్ష.

ఈ గొడవ ఇవాళ్టిదేమీ కాదు. లండన్‌లో స్థిరపడిన ఫ్రెడరిక్ ఆకమ్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు 1820లోనే తిండి కల్తీల మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. కల్తీకి శిక్షపడ్డ వర్తకుల పేర్లతో సహా వేశాడు. అందులో ఊరగాయల సంగతి చదివినప్పుడు నేను కుర్చీలో సర్దుకు కూర్చున్నాను. ఊరవేసిన కాయలు పచ్చగా నిగనిగలాడాలని వాటిని రాగిపాత్రలోనో, రాగినాణేలు వేసో మరిగించేవారట. ఈ చిట్కా దుకాణదారులు రహస్యంగా దాచుకున్నది కాదు, ఇళ్లలో ఆడవాళ్లు చదువుకునే వంట పుస్తకాలే చెప్పేవి. కాయకి పచ్చదనం కావాలన్నది తినేవాళ్ల కోరిక. రాగి ఆ కోరిక తీర్చింది. ఆ తర్వాత ఆకమ్ మీద గ్రంథాలయ పుస్తకాల్లో కాగితాలు చింపుకున్నాడని కేసు పడింది, ఆయన దేశం వదిలి జర్మనీ వెళ్లిపోయాడు. కాగితాలు చింపాడో లేదో గానీ, జనం కళ్లకింపైనదాన్ని వేలెత్తి చూపినవాడికి మర్యాద దొరకడం కష్టమని నాకనిపిస్తుంది. బల్ల దగ్గర గ్లాసులో ముక్క వేసినప్పుడు నాకు దొరికే చూపులకీ దీనికీ సంబంధం లేదంటే నమ్మను.

మా ఆఫీసు దగ్గరి మెస్సులో మాస్టర్ని ఒకసారి ఖాళీ వేళ చూసి అడిగాను. రాజమండ్రి వైపు మనిషి, మొహమాటం లేకుండా చెప్పాడు. "రంగు మానేసి చూశాం సార్. వరంగల్ చపాటా మిరప తెప్పించా, కారం తక్కువ, ఎరుపెక్కువ. బానే ఉంది. కానీ కస్టమర్లు ప్లేటు చూసి, నిన్నటిదా ఇది అని అడిగారు. రెండు ప్లేట్లు వెనక్కొచ్చాయి. ఓనర్ ఊరుకుంటాడా?" అన్నాడు. వెనక్కి పంపినవాళ్లలో నేను లేను, ఆ రోజు మెస్సుకి వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఏం చేసేవాణ్నో మాత్రం గట్టిగా చెప్పలేను. గోధుమరంగు చికెన్ 65 నా ముందు పెడితే తాజాదనే అనుకుంటానా? తాజాదనం అంటే ఎరుపని నాకెవరు నేర్పారు? అలా నేర్పింది మాస్టరా, మిఠాయి రంగు పొట్లమా, లేక ఎర్రబూంది కోసం పెళ్లిపందిట్లో కొట్టుకున్న మేమేనా?

ఈమధ్య నేను గ్లాసు పరీక్ష తగ్గించాను, అడగడం మొదలుపెట్టాను. అడిగే తీరులో ఒక చిన్న మార్పుంది. "రంగు వేస్తారా?" అంటే జవాబు ఊరూరా ఒక్కటే, "లేదు సార్, కాశ్మీరీ మిర్చి సార్." అందుకని "రంగు లేకుండా చేసిస్తారా?" అంటాను. ఇది విన్నాక సర్వరు ముఖంలో వచ్చే మార్పు ఏ గ్లాసు పరీక్షకన్నా ఎక్కువ చెబుతుంది. కొన్నిచోట్ల "ఇరవై నిమిషాలు పడుతుంది సార్," అంటారు. అంటే అక్కడ ముక్క అప్పటికప్పుడు కలుపుతారన్నమాట, ఆ ఇరవై నిమిషాలు ఆనందంగా కూర్చుంటాను. ఎక్కువచోట్ల లోపలికెళ్లి అడిగొచ్చి, "కుదరదు సార్, పొద్దున్నే అంతా కలిపేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తారు," అంటారు. రంగు సంగతీ, పొద్దున్నుంచీ నానుతున్న ముక్క సంగతీ ఒకే మాటలో తెలిసిపోతాయి. అప్పుడు పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ చెప్పుకుంటాను. "ఊరగాయలో ఏం లేదు కదా?" అని నోటిదాకా వస్తుంది, అడగను. పక్కబల్ల మీదికి ఎర్రటి ప్లేటు వస్తే అటు చూడకుండా ఉండడం మాత్రం ఇంకా చేతకాలేదు. మా అబ్బాయికి ఆ సంగతి తెలుసు. వాడి ప్లేటులోంచి ఒక ముక్క తీసి, ఏమీ అనకుండా నా పెరుగన్నం పక్కన పెడతాడు.